నలభై నిమిషాలు

మా అబ్బాయికి పదహారేళ్లు. ఒక రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేసి, "నాన్నా, వచ్చి తీసుకెళ్తావా?" అని అడిగాడు. కారు నడపాల్సిన స్నేహితుడు తాగి ఉన్నాడు. ఇద్దరినీ ఎక్కించుకుని, ఆ అబ్బాయిని వాళ్ల ఇంట్లో దింపాక, నాకు ఫోన్ చేయాలా వద్దా అని నలభై నిమిషాలు ఆలోచించానని మావాడు చెప్పాడు. తెలిసినవాళ్ల అబ్బాయి తాగి దొరికిపోయినప్పుడు "పెంపకం సరిగా లేకపోతే అంతే" అని నేను నలుగురిలో అన్న మాట వాడికి గుర్తుందట.

ఆ మాట అన్ననాడు నా చేతిలోనూ గ్లాసు ఉంది. అందులో ఐస్ తెచ్చి వేసింది వాడే.

పరాయి దేశంలో పిల్లలను పెంచే మనం ముందు స్నేహితులను, ఆపైన ఇక్కడి సంస్కృతిని తప్పుపడతాం. స్నేహితుల ప్రభావం ఉన్నమాట నిజమే. మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ కారు నడిపే ఆటతో చేసి 2005లో ప్రచురించిన ప్రయోగంలో, తోటివారు పక్కనున్నప్పుడు టీనేజీ పిల్లలు ఒంటరిగా ఉన్నప్పటికంటే ఎక్కువ తెగించారు. పెద్దవాళ్లలో ఆ తేడా కనిపించలేదు. అయితే ఆ స్నేహితుల దగ్గరికి వెళ్లేలోపే, మద్యం లేనిదే పెద్దల సరదా లేదని పిల్లలు మన ఇళ్లలో ఏళ్ల తరబడి చూసి ఉంటారు. ఇంట్లో మనమే కాస్త రుచి చూపిస్తే బయట తాగరన్న నమ్మకానికీ ఆధారం లేదు. ఆస్ట్రేలియాలో 1,927 మంది పిల్లలను ఆరేళ్లపాటు గమనించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, తల్లిదండ్రులే మద్యం ఇవ్వడం వల్ల ఏ రక్షణా కనిపించలేదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం స్వీడన్‌లో హోకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ చేసి 2000లో ప్రచురించిన పరిశోధన. పిల్లలు ఎక్కడ, ఎవరితో, ఏం చేస్తున్నారో తల్లిదండ్రులకు తెలిసేది ఆరాలు తీయడం వల్ల కాదు, ఎక్కువగా పిల్లలు తమంతట తాము చెప్పడం వల్లేనని అందులో తేలింది. పరువు పేరుతో పక్కింటి పిల్లలపై నేను చెప్పిన తీర్పులన్నీ వింటూ పెరిగినవాడు నాకు ఏం చెప్పగలడు?

పిల్లలకు మద్యం వద్దన్న నియమం మా ఇంట్లో మారలేదు. ఏ వేళ ఫోన్ చేసినా వస్తానని, ప్రశ్నలు మర్నాటికి వాయిదా వేస్తానని మాత్రం ఆ రాత్రే మాటిచ్చాను. మర్నాడు నేను అడగకముందే వచ్చి పక్కన కూర్చుని, తానూ సగం సీసా బీరు తాగానని చెప్పాడు. నాకు కోపం వచ్చింది. అయినా వాడు చెప్పడం పూర్తయ్యేదాకా నోరు మెదపలేదు.