ఎపాక్సీ పడలేదు: ప్యాచ్ టెస్ట్ నుంచి గ్లోవ్స్ దాకా నా అనుభవం

ఫార్మా ప్లాంట్లలో ఎపాక్సీ ఫ్లోరింగ్ (రెజిన్, హార్డెనర్ అనే రెండు డబ్బాలు కలిపి పోస్తే గట్టిపడే నేల పూత) వేసే పని నాది. ముందు వేళ్ల సందుల్లో దురద, తర్వాత కనురెప్పల వాపు. రెజిన్ రెప్పలకు తగలకపోయినా ఆవిరి, గ్రైండింగ్ దుమ్ము చాలు.

స్కిన్ డాక్టర్ ప్యాచ్ టెస్ట్ రాశారు. సూది ఉండదు. చొక్కా గుండీ అంతటి అల్యూమినియం గిన్నెల్లో రసాయనాలు నింపి, వీపు పైభాగాన టేపుతో అతికిస్తారు. 48 గంటలకు తీసి చూస్తారు, 96 గంటలకు మళ్లీ చూస్తారు. ఈ రెండోదే అసలు రీడింగ్. టేపు రాపిడికి వచ్చిన ఎరుపు అప్పటికి తగ్గిపోతుంది. నిజంగా అలర్జీ అయితే అక్కడ గట్టిపడి పొక్కులు లేస్తాయి. మొదటిసారి చూపించుకుని పనిలోకి వెళ్లిపోతే ఫలితం సగమే. రీడింగులు పూర్తయ్యేదాకా వీపు తడవకూడదు, చెమట పట్టకూడదు. మన ఎండాకాలంలో ఈ టెస్ట్ పెట్టుకోకపోవడమే మంచిది, టేపు నిలవదు. స్టెరాయిడ్ మాత్రలు గానీ, వీపుకు స్టెరాయిడ్ క్రీము గానీ వాడుతుంటే ముందే చెప్పాలి. అవి అలర్జీని కనబడనివ్వవు.

ఇండియన్ స్టాండర్డ్ సిరీస్‌లో (ప్యాచ్ టెస్ట్‌కు మామూలుగా వాడే రసాయనాల సెట్) ఎపాక్సీ రెజిన్ ఉంటుంది, వ్యాజిలిన్‌లో 1 శాతం. రెండో డబ్బా, అంటే పార్ట్-బి హార్డెనర్‌లోని అమీన్లు (రెజిన్‌ను గట్టిపరిచే రసాయనాలు) మాత్రం విడిగా అడగాలి. అవి పెట్టకుండా నెగటివ్ వచ్చిందంటే నమ్మను. అందుకే రెండు డబ్బాల సేఫ్టీ డేటా షీట్లూ (తయారీదారు ఇచ్చే ప్రమాద వివరాల పత్రాలు) పట్టుకెళ్లాను. వాటి సెక్షన్ 2లో హెచ్317 అనే హెచ్చరిక కోడ్ ఉంటే చర్మ అలర్జీ, హెచ్334 ఉంటే ఊపిరితిత్తులది. పదార్థాల పేర్లు సెక్షన్ 3లో. డబ్బాలోది నేరుగా వీపుకు రాయమనొద్దు. పలచన చేయని హార్డెనర్ చర్మాన్ని కాలుస్తుంది, లేని అలర్జీనీ తెచ్చిపెట్టగలదు.

నాకు రెజిన్‌కే రెండు ప్లస్‌లు, అంటే బలమైన పాజిటివ్ వచ్చింది. క్రీముతో దద్దుర్లు తగ్గుతాయి గానీ అలర్జీ పోదు, మళ్లీ తగిలితే మళ్లీ లేస్తుంది. మిక్సింగ్, ట్రోవెల్ పని మానేశాను. పూర్తిగా గట్టిపడిన ఫ్లోర్‌తో ఇబ్బంది లేదు. మర్నాడు నడవగలిగినంత మాత్రాన క్యూరింగ్ అయినట్టు కాదు. మామూలుగా వారం పడుతుంది. ఆలోపు గ్రైండ్ చేస్తే ఆ దుమ్ములో ఇంకా గట్టిపడని రెజిన్ ఉంటుంది.

గ్లోవ్స్ సంగతి: లేటెక్స్ ఎపాక్సీని ఆపదు. పల్చటి నైట్రైల్ మీద థిన్నర్ పడితే వెంటనే మార్చాలి. బ్యూటైల్ రబ్బరు గ్లోవ్స్ మేలు, లేదంటే లోపల లామినేట్ (పలుచని ప్లాస్టిక్ పొరల గ్లోవ్), పైన నైట్రైల్. థిన్నర్‌తో చేతులు కడిగే అలవాటు అన్నిటికన్నా చెడ్డది: చర్మంలోని నూనె పోతుంది, రెజిన్ ఇంకా లోపలికి దిగుతుంది.

రిపోర్టులో పని పేరు, రసాయనం పేరు రాయించుకోండి. 2025 నవంబరులో లేబర్ కోడ్ దాని స్థానంలోకి వచ్చేదాకా, 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్‌లో రసాయనాలు, పెయింట్ల వల్ల వచ్చే కాంటాక్ట్ డెర్మటైటిస్ (తగిలితే వచ్చే ఇలాంటి చర్మవ్యాధి) ఉండేది. ఫ్యాక్టరీ కార్మికుడికి అది వస్తే సెక్షన్ 89 ప్రకారం మేనేజర్ నోటీసు ఇవ్వాల్సి ఉండేది, చూసిన డాక్టరూ చీఫ్ ఇన్‌స్పెక్టర్‌కు రాయాల్సి ఉండేది.