హంతకుడి పేరు ముందే తెలిస్తే

కొన్నేళ్ల కిందట అరువు తెచ్చుకున్న ఒక పాత డిటెక్టివ్ నవలలో, కథకు ముందు అచ్చువేసిన పాత్రల పట్టికలో ఒక పేరు చుట్టూ ఎవరో పెన్సిలుతో సున్నా చుట్టి పెట్టారు. ఎందుకు చుట్టారో గ్రహించడానికి అపరాధ పరిశోధనలో ఆరితేరి ఉండనక్కరలేదు. గుట్టు రట్టయ్యాక ఇక చదవడానికేముందని విసుక్కుంటూనే, చేతిలో మరో పుస్తకం లేక ఆ రాత్రి దాన్నే మొదలుపెట్టాను.

ఆ పేరు హతుడి చెల్లెలిది. ఏళ్ల తరబడి అన్నగారింట్లోనే ఉంటూ ఆయన మందులూ మాత్రలూ చూసుకునే మనిషి. రెండో అధ్యాయంలో ఆమె మంచినీళ్ల గ్లాసు తెచ్చి బల్ల మీద పెడుతుంది. ఆయన పత్రికలోంచి తల ఎత్తకుండానే బల్ల మీద తడి మరక పడుతుందని కసురుకుంటాడు. ఆమె గ్లాసు ఎత్తి, అరచేత్తో ఆ తడి తుడిచి, మాట్లాడకుండా వెళ్లిపోతుంది. మామూలుగా అయితే ఆ నాలుగు వాక్యాలనూ దాటేసి, తలుపు గడియ లోపలినుంచి వేసి ఉందా, గడియారం ఎన్నింటికి ఆగిపోయింది అని లెక్కలు వేసుకుంటూ పోయేదాన్ని. హంతకురాలెవరో తెలిసి చదువుతున్నాను కనుక ఆ అరచెయ్యి దగ్గరే ఆగిపోయాను. ఆమె గదిలోకి వచ్చిన ప్రతిసారీ, ఇంకా ఎన్నాళ్లు ఓర్చుకుంటుందోనన్న ఆందోళన తప్ప నాకు మరో ప్రశ్న లేకపోయింది.

ఆ సున్నాను రచయిత్రే స్వయంగా చుట్టి మన చేతికిచ్చిన నవల కూడా ఒకటుంది. రూత్ రెండెల్ 1977లో వెలువరించిన ‘ఎ జడ్జ్‌మెంట్ ఇన్ స్టోన్’లో, యూనిస్ పార్చ్‌మన్ అనే పనిమనిషి కవర్‌డేల్ కుటుంబాన్ని చంపిందనీ, చదవడం, రాయడం రాకపోవడమే అందుకు కారణమనీ మొదటి వాక్యమే చెప్పేస్తుంది. కారణం తెలిసినా అది నమ్మశక్యంగా ఉండదు. చదువు రానంత మాత్రాన నలుగురిని చంపుతారా అనిపిస్తుంది. మిగిలిన నవలంతా ఆ అపనమ్మకాన్ని కొద్దికొద్దిగా కరిగించే పనే. ఎటు చూసినా పుస్తకాలుండే ఇంట్లో, తన గుట్టు బయటపడకూడదని అనుక్షణం కాచుకుని ఉండే మనిషికి, బల్ల మీద రాసిపెట్టిన మామూలు చీటీ కూడా కత్తిలాగే కనిపిస్తుంది. ఆ ఇంటివాళ్లు దుర్మార్గులు కారు, ఆమె మేలు కోరేవాళ్లే. వాళ్లు చూపే చొరవకే ఆమె మరింత బిగుసుకుపోతుంటే, ఆ పక్కకు వెళ్లకండని వాళ్లను హెచ్చరించాలనిపిస్తుంది.

చిక్కుముడి మీద నడిచే నవలలను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. వాటి మీద నేను తగలేసిన రాత్రులు తక్కువేమీ కావు. ఆంగ్ల రచయిత రోనాల్డ్ నాక్స్ 1929లో డిటెక్టివ్ కథలకు పది నియమాలు పెట్టాడు. రహస్య మార్గం ఒకటికి మించి ఉండరాదు, ముందుగా సూచించకుండా కవలలను తేరాదు, పరిశోధకుడికి దొరికిన ఆధారాలను పాఠకుడికి దాచరాదు అన్నవి వాటిలో కొన్ని. పాఠకుడికి అన్యాయం జరగకుండా చూసే మంచి నియమాలే. కానీ నేరస్థుడు ఆ పని చేయగల మనిషేనని నమ్మించాలన్న నియమం ఆ పదింటిలో లేదు.

ఆ లోటును అదే తరానికి చెందిన రచయిత్రి డొరొతీ సేయర్స్ పూరించిందని నాకనిపిస్తుంది. 1930 నాటి ‘స్ట్రాంగ్ పాయిజన్’లో హారియెట్ వేన్ ప్రియుడికి విషం పెట్టిందన్న అభియోగంతో బోనులో నిలబడుతుంది. ఆమె నిర్దోషి అని నిరూపించిన అపరాధ పరిశోధకుడు పీటర్ విమ్సీ పెళ్లి చేసుకుందామంటే ఒప్పుకోదు. ప్రాణం నిలబెట్టినవాడి పట్ల ఉన్న కృతజ్ఞతను ప్రేమ నుంచి ఎలా విడదీయాలో ఆమెకు తెలియదు. ఆ పీటముడి విడిపోయి ఆమె సరేనన్నది 1935లో వచ్చిన ‘గాడీ నైట్’ చివరన. ఆక్స్‌ఫర్డ్‌లో ఒక మహిళా కళాశాల చుట్టూ తిరిగే ఆ నవలలో ఒక్క హత్యా లేదు, ఉన్నవి ఆకాశరామన్న ఉత్తరాలు, పాడుచేసిన కాగితాలు. అయినా ఆ ఉత్తరాలు రాస్తున్నదెవరన్న ప్రశ్న కంటే, హారియెట్ ఏం జవాబు చెబుతుందోనన్న ఆత్రమే నన్ను చివరిదాకా లాక్కెళ్లింది.

జార్జ్ సిమెనాన్ సృష్టించిన మేగ్రే సంగతీ అంతే. 75 నవలల్లో కనిపించే ఆ పోలీసు అధికారి వేలిముద్రల కంటే, చచ్చిపోయిన మనిషి కూర్చున్న కుర్చీలో కూర్చుని ఆ ఇంటి గాలి పీల్చడాన్నే ఎక్కువగా నమ్ముకుంటాడు.

అయితే పాత్రచిత్రణ పేరుతో ఇటీవల చాలామంది పరిశోధకులకు ఒక విడాకుల పత్రాన్నీ, ఒక మద్యం సీసానూ, నిద్రపట్టని రాత్రులనూ ఉమ్మడిగా పంచిపెడుతున్నారు. కథలో ఏ మలుపునూ మార్చని దుఃఖం ఎంత పెద్దదైనా నాకు చొక్కాకు కుట్టిన అదనపు జేబులాగే కనిపిస్తుంది. గ్లాసు కింది తడి తుడిచిన ఆ చెల్లెలి గతం గురించి నేను చదివిన నవలలో అరపేజీ కూడా లేదు.

ఆ పుస్తకాన్ని తిరిగి ఇచ్చే ముందు రబ్బరు తీసుకుని ఆ సున్నా చెరిపాను. గీసినవారు గట్టిగా నొక్కి గీసినట్టున్నారు, దీపం దగ్గర ఏటవాలుగా పట్టుకుంటే ఆ పేరు చుట్టూ గాడి ఇంకా కనిపిస్తూనే ఉంది.