బైండింగ్ వైరుతో కట్టేసిన లైఫ్ బాయ్

పోయిన కార్తీకంలో ఒక ఆదివారం వనభోజనాలకని మేమూ పక్కింటివాళ్లూ కలిసి పదకొండు మందిమి కృష్ణలో ఒక లంకకి బయల్దేరాం. ఏ రేవో, ఎవరి బోటో చెప్పను, ఆ మనిషితో నాకు తగాదా లేదు, పైగా బెజవాడ చుట్టుపక్కల అలాంటివాడు అతనొక్కడే అని కూడా నేననుకోను.

బోటెక్కగానే లైఫ్ జాకెట్లు అడిగా. "ఉన్నాయక్కా" అంటూ బల్ల కింద నుంచి ఏడు లాగాడు. మిగతా నాలుగు ఏవంటే "పిల్లల్ని ఒళ్లో పెట్టుకోండక్కా, ఇక్కడ నడుం లోతే" అన్నాడు. నా చేతికొచ్చినదానికి ఒకవైపే బక్కిల్ ఉంది, రెండోది ఊడిపోతే ఆ పట్టీకి పాత చీర అంచు ముక్క ముడేశారు. నారింజ రంగు ఎప్పుడో వెలిసిపోయింది. లోపలి ఫోము నొక్కితే నొక్కినట్టే ఉండిపోయింది, ఎక్కినవాళ్లంతా దాన్ని దిండులా వేసుకుని కూర్చుంటే మరేమవుతుంది? మా అత్తయ్యా అదే పని చేసింది. "జాకెట్ వేసుకోండి అత్తయ్యా" అంటే "వేసుకునే వచ్చానుగా" అని పమిట సర్దుకుంది, బోటంతా ఒకటే నవ్వులు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. 2017 నవంబర్ 12 కూడా కార్తీక ఆదివారమే. ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర, పవిత్ర సంగమానికి వెళ్తున్న బోటు తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు, ఎక్కువమంది ఒంగోలు నుంచి సరదాగా వచ్చినవాళ్లు. ఆ బోటుకి అనుమతే లేదని తర్వాత తేలింది. బోటు భద్రత మీద జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది కూడా అదే ఏడాది. రెండేళ్లకి, 2019 సెప్టెంబర్ 15న, గోదావరిలో కచ్చులూరు దగ్గర ఇంకో బోటు మునిగింది.

ఇప్పుడు చట్టం లేక కాదు. 1917 నాటి పాతదాన్ని తీసేసి 2021లో ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం తెచ్చారు, 2022 జూన్ నుంచి అమల్లో ఉంది. ఇంజన్ బోటంటే సర్వే జరగాలి, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ ఉండాలి, తోలే సరంగుకి అర్హత సర్టిఫికెట్ ఉండాలి, ప్రాణరక్షణ సామాను, మంటలార్పే సామాను బోటు రకాన్ని బట్టి పెట్టాలి. ఇంజన్ లేని పడవల్ని కూడా ఈ చట్టం వదల్లేదు. కాబట్టి "నీ సర్వే సర్టిఫికెట్ ఏది, ఎంతమందికి రాశారు" అని అడగడంలో మొహమాటమేం లేదు, ఆటోవాణ్ణి మీటరేది అని అడిగినట్టే (సరే, మన ఊళ్లో అదీ ఎవరూ అడగరనుకోండి).

కానీ లెక్కకి తలకో జాకెట్ పెట్టినా సరిపోదని నాకు జాకెట్ లేబుల్ చదివాకే తెలిసింది. ఐఎస్‌ఓ 12402 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం చేసిన జాకెట్ల లోపలి లేబుల్ మీద 50, 100, 150 అని ఒక అంకె ఉంటుంది, నీళ్లలో మనిషిని తేల్చే బలం అది, న్యూటన్లలో. 50 అంటే దాదాపు అయిదు కిలోల ఎత్తుడు. ఈతొచ్చి, ఒడ్డు దగ్గర్లో ఉండి, తెలివిలో ఉన్నవాడికి అది సాయం, అంతే. తలకి దెబ్బ తగిలి బోర్లాపడ్డవాణ్ణి వెల్లకిలా తిప్పుతుందన్న నమ్మకం లేదు. ఈత రానివాళ్లకైతే కనీసం 100 చూసుకోవాలి. పిల్లలకి బరువుని బట్టి సైజు, కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ కూడా ఉండాలి. మా పాపకి పెద్దవాళ్లది తొడిగి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూశా, చెవులు దాటి పైకొచ్చేసింది. నీళ్లలో పడితే జాకెట్ తేలుతుంది, పిల్ల కిందకి జారిపోతుంది.

అప్పుడే రెయిలింగు వైపు చూశా. నారింజ చక్రం, అదే లైఫ్ బాయ్, భేషుగ్గా వేలాడుతోంది, ఎవడూ ఎత్తుకుపోకుండా బైండింగ్ వైరుతో నాలుగు చుట్లు బిగించి. కటింగ్ ప్లేయర్ ఉంటే తప్ప ఊడి రాదు. దానికో తాడు కూడా లేదు. ఎవరైనా నీళ్లలో పడితే బోటు మొత్తాన్నీ విసరాలన్నమాట!

దిగిపోయాం. మా ఆయన మొహం మాడ్చుకున్నారు, పులిహోర గిన్నె మోస్తున్నది ఆయనే మరి. ముప్పావుగంట ఎండలో నిలబడ్డాక ఇంకో బోటు దొరికింది, తలకి ఇరవై ఎక్కువ, కానీ పదకొండు జాకెట్లు, అందులో పిల్లలవి మూడు, అన్నిటికీ బక్కిళ్లు. అత్తయ్యకి నేనే బిగించా, గొణుక్కుంటూనే కూర్చుంది.

నది మధ్యకి వెళ్లాక మా పాప బోటు తోలే అతన్నే చూస్తూ, "అంకుల్, నీ జాకెట్ ఏది?" అంది.

"నాకు ఈతొచ్చు తల్లీ" అని నవ్వి, ఇంజన్ స్పీడు పెంచాడు.