లంబసింగి చలిలో ఒంటరి టెంటు: అసలు పోరు తడితోనే

నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కితే లంబసింగి, ఆపైన చింతపల్లి, జి.మాడుగుల, పాడేరు, అక్కణ్ణుంచి అరకు. నవంబరు చివర్నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా బైకు మీద టెంటు కట్టుకుని ఒక్కరే తిరగడానికి ఆంధ్రలో ఇంతకన్నా మంచి దారి లేదని నా గట్టి నమ్మకం. వెళ్దామనుకునేవాళ్లు ముందుగా చలి గురించే అడుగుతారు. చలికి బట్టలున్నాయి. నిద్ర చెడగొట్టేది తడి. లంబసింగి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంది. ఆకాశం తేటగా ఉన్న రాత్రి నేల త్వరగా చల్లబడిపోతుంది. తెల్లారేసరికి గడ్డి, సీటు, టెంటు అన్నీ మంచుకి తడిసి ముద్దవుతాయి.

అందుకే రెండు పొరల టెంటే కొనండి. లోపలిది దోమతెర గుడ్డ, పైది వాన ఆపేది, రెండూ ఎక్కడా అంటుకోకూడదు. ఒంటిపొర టెంటు చవగ్గా వస్తుంది కానీ, మన ఊపిరిలోంచి రాత్రంతా వచ్చే ఆవిరి చల్లటి గుడ్డకి తగిలి నీళ్లయి, తెల్లవారుజామున ముఖం మీద పడుతుంది. రెండు పొరలుంటే ఆ నీళ్లు పై గుడ్డ లోపలివైపు జారి నేలకి దిగిపోతాయి. చలేస్తోందని గాలి కిటికీలు మూసేయకండి. తలవైపు ఒకటి, కాళ్లవైపు ఒకటి తెరిచి ఉంచితేనే ఆవిరి బయటికి పోతుంది. ఇద్దరికని రాసిన టెంటు ఒక్క మనిషికీ, అతని జాకెట్టు, హెల్మెట్, బూట్లకీ సరిగ్గా సరిపోతుంది. బరువు రెండున్నర కిలోలు మించకూడదు. మడిచిన పోల్ 45 సెంటీమీటర్ల లోపుంటే సీటు మీద అడ్డంగా కట్టినా పక్కలకి పొడుచుకు రాదు.

కింద పరిచే పట్టా టెంటు అడుగుకన్నా అన్ని వైపులా రెండు మూడు అంగుళాలు చిన్నగా ఉండాలి. బయటికి వచ్చిందంటే పైనుంచి కారిన నీళ్లు దానిమీద పడి నేరుగా మీ కిందికే చేరతాయి. టెంటు కింద మడుగు కట్టిందంటే చాలాసార్లు కారణం ఇదే. నేల చలికి ఫోమ్ మ్యాట్ తప్పనిసరి. ఎంత మంచి స్లీపింగ్ బ్యాగైనా ఒంటి బరువుకి కింద నలిగిపోతుంది, అక్కడ వెచ్చదనం ఉండదు. బ్యాగు కొనేటప్పుడు 'లిమిట్' అంకె (ఎలాగో ఓర్చుకోగలిగే చలి) కాదు, 'కంఫర్ట్' అంకె (హాయిగా నిద్రపట్టే చలి) చూడండి. ఈ దారికి సున్నా నుంచి ఐదు డిగ్రీల కంఫర్ట్ ఉన్నది కావాలి. పడుకునే బట్టల జత విడిగా, నీళ్లు చొరని కవర్లో ఉండాలి. రోజంతా బండి నడిపిన చెమట బట్టలతో పడుకుంటే ఏ బ్యాగూ కాపాడలేదు.

డిసెంబరులో ఇక్కడ ఐదున్నరకే పొద్దు గుంకుతుంది. నాలుగింటికల్లా చోటు చూసుకోండి. రిజర్వు ఫారెస్టులో టెంటు వేయకండి. చోడి, వలిసె కోసేసిన మెట్ట చేను దొరికితే దాని యజమానిని వెతికి, "బాబాయ్, ఈ రాత్రికి ఇక్కడ పడుకోవచ్చా, పొద్దున్నే వెళ్లిపోతాను" అని అడగండి. అడిగి పడుకుంటే రాత్రి టార్చి వేసుకుని ఎవరో వచ్చారన్న కంగారుండదు. గెడ్డ (వాగు) పక్కన, పల్లంలో వద్దు. చల్లగాలి అక్కడికే దిగుతుంది, తడీ ఎక్కువే. కాస్త మెరకగా, చెట్టు నీడ ఉన్నచోట మంచు తక్కువ పడుతుంది. పైన ఎండుకొమ్మలు లేవని చూసుకోండి.

మేకు దిగ్గొట్టేటప్పుడు తల టెంటుకి ఎడంగా వాలేలా, తాడు లాగే దిశకి అడ్డంగా ఉండేలా కొట్టాలి. నిటారుగా కొట్టినవి రాత్రి గాలికి ఒక్కొక్కటే ఊడొస్తాయి. దున్నిన నేలలో పొడుగాటి వి-ఆకారం మేకులు, గట్టి నేలలో సన్నటి ఇనప మేకులు పనిచేస్తాయి. ఒక్కరే వేస్తున్నప్పుడు ముందు గాలికి ఎదురుగా ఉన్న రెండు మూలలూ కొట్టేశాకే పోల్స్ ఎత్తండి.

టెంటు తాడు బైకుకి కట్టకండి. మంచుకి మెత్తబడిన నేలలో సైడ్ స్టాండు దిగబడితే బండి మీ మీదికే వస్తుంది. స్టాండు కింద అరచేయంత చెక్కముక్క పెట్టి, బండిని మూడు నాలుగు మీటర్ల దూరంలో ఆపండి. సామాను కట్టడంలో కూడా ఒక్కటే సూత్రం: నీళ్లు, స్టవ్, పనిముట్లు సైడ్ బ్యాగుల్లో కిందకి, రెండు వైపులా సమానంగా. టెంటు, స్లీపింగ్ బ్యాగు సీటు మీద. బంగీ తాళ్లు గతుకులకి సాగి వదులవుతాయి, బకిల్ పట్టీలు వాడండి. వెనక టైరులో గాలి ఇద్దరు ఎక్కినప్పటికి మాన్యువల్‌లో చెప్పినంత ఉండాలి.

కుంపటి గానీ, స్టవ్ గానీ టెంటు లోపల వెలిగించకండి. వాటినుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. ఏజెన్సీలో మలేరియా ఉంది కాబట్టి సాయంత్రమైతే నిండు చేతుల చొక్కా, దోమల మందు, లోపలికి వెళ్లగానే జిప్పు.

పొద్దున పొగమంచు కాస్త విడేదాకా బయల్దేరకండి, ఘాట్‌లో ఎదురొచ్చే జీపు దగ్గరికొచ్చేదాకా కనపడదు. ఆ సమయంలో పాత గుడ్డతో పై పొర రెండు వైపులా తుడిచి, లోపలి టెంటుతో కలపకుండా వేరే సంచిలో పెట్టండి. దాన్ని సామాను అన్నింటికన్నా పైన కట్టండి. మధ్యాహ్నం భోజనానికి ఆగినచోట ఎండలో పరిస్తే ఇరవై నిమిషాల్లో ఆరుతుంది. తడిగా రెండు రోజులు చుట్టి ఉంచితే బూజు పట్టొచ్చు, మళ్లీ మళ్లీ అలాగే చేస్తే వాన ఆపే పూత పొరలుగా లేచిపోతుంది.