సాల్ ఆకుల మధ్య కాలే మాంస పిఠా

మనకి సంక్రాంతికి అరిసెలు ఒక రోజు, మాంసం కనుమ రోజు, రెండూ కలవవు కదా. పశ్చిమ బెంగాల్‌లో మా ఖరగ్‌పూర్ నుంచి టాటానగర్ వైపు ట్రైన్ ఎక్కి ఝార్‌గ్రామ్‌లో దిగితే అక్కడి పల్లెల్లో అదే పండక్కి బియ్యప్పిండిలోనే మాంసం పెట్టి కాల్చేస్తారు, అదే మాంస పిఠా. తాతల కాలంలో రైల్వే ఉద్యోగాలకొచ్చి ఇక్కడే సెటిలైపోయిన తెలుగోళ్లం మేము, ఇంత దగ్గర్లో ఉండి కూడా మా ఇళ్లల్లో దీని గురించి ఎవరూ మాట్లాడగా వినలేదు. నేను తిన్నది ఒక లోధా ఇంట్లో.

లోధాలంటే అడవి మీద బతికిన జనం. పశ్చిమ మేదినీపూర్, ఝార్‌గ్రామ్, అటు ఒడిశాలో మయూర్‌భంజ్, ఈ పక్కల ఉంటారు. తాము శబరులమని, జగన్నాథుడి కథలో వచ్చే విశ్వావసు వంశమని చెప్పుకుంటారు. ఈ పిఠా వాళ్లొక్కళ్లదే కాదు, సంతాలీలని ఇంకో తెగవాళ్లు కూడా చేస్తారు, వాళ్లు జేల్ పిఠా అంటారు.

మకర సంక్రాంతికి ముందు చాఁవుడి, బాఁవుడి అని రెండు రోజులుంటాయి ఆ ప్రాంతంలో. చాఁవుడి రోజున నానబెట్టిన బియ్యం ఢేఁకిలో దంచుతారు, అంటే కాలితో తొక్కితే అవతలి కొసన రోకలి లేచి పడుతుంది, ఒకళ్లు తొక్కుతుంటే ఇంకొకళ్లు గుంటలో చెయ్యి పెట్టి పిండి ఎగదోస్తుంటారు, ఆ చెయ్యి ఎప్పుడు లోపల ఉంటుందో ఎప్పుడు బయటికొస్తుందో చూస్తే నాకే గుండె ఆగినంత పనైంది, ఆవిడ మాత్రం పక్కావిడతో కబుర్లు చెప్పుకుంటానే ఉంది. ఇప్పుడు చాలామంది మిల్లుకే పోతున్నారనుకోండి. కానీ దంచిన పిండిలో తడి ఉంటుంది, కొంచెం బరకగా ఉంటుంది, పిఠా లోపల మెత్తగా రావడానికి అదే కారణమని నా అనుమానం.

మాంసం నాటుకోడి గానీ మేక గానీ, చిన్న చిన్న ముక్కలు కొట్టి ఉల్లి, వెల్లుల్లి, అల్లం, పచ్చిమిర్చి, పసుపు, ఉప్పు, ఆవనూనె వేసి కలిపేస్తారు. అంతే, గరం మసాలా లేదు. సాల్ అనే అడవి చెట్టు ఆకులు పుల్లలతో కుట్టి మన విస్తరిలా పరుస్తారు, దాని మీద పిండి ఒక వరస, మాంసం ఒక వరస, మళ్లీ పైన పిండి, అంచులు వేళ్లు తడి చేసుకుని నొక్కేసి పైన ఇంకో ఆకుల వరస కప్పుతారు. కొంతమంది వరసలు లేకుండా పిండి మాంసం కలిపేసి కూడా పెడతారు, ఈజీ కూడా, కానీ నాకు వరసలుగా పెట్టిందే నచ్చింది.

కింద సన్న సెగ, పైన నిప్పులు. మన దిబ్బరొట్టెని వెనకటికి కాల్చినట్టే అనుకోండి. తొందరపడితే పని చెడుతుంది, ఎందుకంటే మాంసం పచ్చిగానే లోపల పెట్టారు, అది పిండి మధ్యలో ఆవిరికే ఉడకాలి, పెద్ద మంట పెడితే ఆకు మాడి పిండి గట్టిపడిపోతుంది గానీ లోపల పచ్చి పోదు. ఆకు నల్లబడి చివర్లు ముడుచుకున్నాక తీసి ఒలుస్తారు, ఆకు ఈనెల గీతలన్నీ పిఠా మీద అచ్చుపడి ఉంటాయి. సాల్ ఆకు పొగవాసన, ఆవనూనె ఘాటు, మాంసంలోంచి దిగిన రసం కింది పిండి పీల్చుకుని ఉంటుంది చూడండి, నన్నడిగితే ముక్కల కన్నా ఆ కింది వరసే బావుంటుంది.

ఇది పండగ రోజుకే ఎందుకయ్యిందో ఆ ఇంట్లో కూర్చుంటే తెలుస్తుంది. రోజూ కూలికెళ్లే ఇల్లు, ఒక కోడి, తినేవాళ్లు బోలెడుమంది. కూర వండితే నలుగురికి తలో రెండు ముక్కలు, పిఠా చేస్తే వచ్చిన చుట్టాలక్కూడా తలా ఒక చెక్క వస్తుంది, ఆ చెక్కలో అందరికీ మాంసం రుచి తగులుతుంది. దీన్ని యూట్యూబ్‌లో ట్రైబల్ పిజ్జా అని పెడుతుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంకోటి చెప్పాలి. అదే పిఠా వేరేవాళ్లింట్లో తినేవాళ్లు కొందరు లోధా ఇంట్లో అంటే మొహం తిప్పుకుంటారు. బ్రిటిషోళ్లు వీళ్లని నేరస్థ తెగల లిస్టులో పెట్టారు, 1952లో ఆ ముద్ర చట్టంలోంచి పోయింది, జనం నోట్లోంచి పోలేదు. లోధా ఆడపిల్లల్లో మొదట డిగ్రీ చదివిన చునీ కోటాల్ వేధింపులు భరించలేక 1992లో ప్రాణం తీసుకుంది. నేను తిన్నానని తెలిసి మా వీధిలో ఒక పెద్దాయన "వాళ్లింట్లో ఎలా తిన్నావమ్మా" అన్నాడు. వేడివేడిగా తిన్నాను బాబాయ్, ఇంకోటి అడిగి మరీ పెట్టించుకున్నాను అన్నాను.