ఆముదం వాసన వచ్చే సోమవారాలు

ఒక సోమవారం మొదటిసారి స్పీడ్‌వే స్టేడియంలో ఆ వాసన తగిలినప్పుడు మోటారు సైకిళ్ళ రేసు చూడడం మర్చిపోయాను. అది మా ఊరి వాసన. మాది మహబూబ్‌నగర్ వైపు. వానలు సరిగ్గా పడని ఏడాది మా చెలకలో ఆముదాలే వేసేవాళ్ళు. అమ్మ ఇంట్లో ఆముదం వండిన రోజు వాకిలంతా కొంచెం మాడినట్టు, కొంచెం తియ్యగా ఒక బరువైన వాసన ఉండేది. మాంచెస్టర్‌లో, చలికోటు వేసుకుని నిలబడ్డ నాకు అదే వాసన!

నన్ను తీసుకెళ్ళింది మా పక్కింటి తాత. పేరు పెట్టి పిలవమంటాడు కానీ నాకు నోరు రాదు. ఇక్కడి పెద్దవాళ్ళు అందరినీ అన్నట్టే ఆయన నన్ను ‘లవ్’ అంటాడు. ఈ బళ్ళు మెథనాల్‌తో నడుస్తాయనీ, ఇంజన్లలో ఆముదంతో చేసిన ఆయిల్ పోస్తారనీ ఆయనే చెప్పాడు. ఆ రాత్రి ఫోన్‌లో చెబితే అమ్మ నమ్మలేదు. "మన ఆముదమా బిడ్డా? మోటారు సైకిళ్ళల్ల పోస్తరా?" అని రెండుసార్లు అడిగింది.

స్పీడ్‌వే గురించి తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. రేసుకు నలుగురు, జట్టుకు ఇద్దరు చొప్పున. మట్టి ట్రాక్ మీద నాలుగు రౌండ్లు, ఎప్పుడూ ఎడమవైపుకే తిరగాలి. 500 సీసీ బండికి ఒకటే గేరు, బ్రేకులు ఉండవు. మలుపులో వెనక చక్రాన్ని కావాలని జారనిచ్చి, ఇనుప తొడుగు వేసిన ఎడమ బూటును నేలకు ఆనించి తిప్పుతారు. నిమిషంలో అయిపోతుంది. మొదటివాడికి 3, తర్వాత 2, 1, చివరివాడికి సున్నా. ఒక్కో మ్యాచ్‌లో ఇలాంటి రేసులు పదిహేను. ప్రతి రేసుకూ మార్కులు మనమే ప్రోగ్రామ్ పుస్తకంలో పెన్సిల్‌తో రాసుకోవాలి. తాత చెయ్యి వణుకుతుంది కాబట్టి రెండో వారం నుంచి ఆ పెన్సిల్ నా చేతికొచ్చింది.

మా క్లబ్ పేరు బెల్ వ్యూ ఏసెస్. ‘మా’ అనే రాస్తాను, ఆ హక్కు నాకు వచ్చిందనుకుంటున్నాను. 1928లో కుక్కల పందేల మైదానంలో మొదలై, మరుసటి ఏడాదే హైడ్ రోడ్ స్టేడియానికి మారింది. ఆ స్టేడియం బెల్ వ్యూ జంతుప్రదర్శనశాల ఆవరణలో ఉండేది. ఏనుగుల్ని చూసి, అట్నుంచి అటే రేసులకు వచ్చేవాళ్ళమని తాత చెబుతాడు. 1987లో ఆ స్థలం అమ్మేశారు. పాత కార్ల వేలం యార్డు వచ్చింది. క్లబ్ మళ్ళీ పాత కుక్కల మైదానానికి వెళ్ళి, 2016లో కొత్తగా కట్టిన నేషనల్ స్పీడ్‌వే స్టేడియానికి చేరింది. ఇన్నిసార్లు మారినా ఈ గోర్టన్ చుట్టుపక్కల్ని మాత్రం దాటలేదు.

గెలుపులు చాలానే ఉన్నాయి. 1933 నుంచి 36 దాకా వరసగా నాలుగేళ్ళు లీగ్ వీళ్ళదే. 1970, 71, 72ల్లో వరసగా మూడు. అప్పుడు న్యూజిలాండ్‌కు చెందిన ఐవాన్ మాజర్ ఈ జట్టులో ఉన్నాడు. ఆయన ఆరు ప్రపంచ టైటిళ్ళలో మూడు ఇక్కడ ఆడుతున్నప్పుడు వచ్చినవే. ఈ జట్టులోనే ఎదిగిన పీటర్ కాలిన్స్ 1976లో పోలెండ్‌లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 1982లో ఒక లీగ్, 1993లో ఇంకొకటి.

కానీ తాత ముందు 1963 పేరెత్తితే గొంతు మారుతుంది. 1936 తర్వాత ఇరవై ఏడేళ్ళు ఆగితే ఆ ఏడాది మళ్ళీ లీగ్ వచ్చింది. అదే ఏడాది పీటర్ క్రేవెన్ పోయాడు. లివర్‌పూల్‌లో పుట్టిన చిన్నపాటి మనిషి, 1955, 1962ల్లో ప్రపంచ చాంపియన్. సెప్టెంబర్ 20న ఎడిన్‌బరోలో రేసు జరుగుతోంది. ముందు ఒకతను పడిపోయాడు. అతని మీదికి బండి ఎక్కకుండా క్రేవెన్ పక్కకు తిప్పి, కంచెను గుద్దుకున్నాడు. నాలుగు రోజులకు ప్రాణం పోయింది. ఇరవై తొమ్మిదేళ్ళు. అప్పటికి తాతకు పదకొండు. వార్త విని వాళ్ళ నాన్న అన్నం ముందు నుంచి లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడట.

క్లబ్ గౌరవాలంటే కప్పుల లెక్క చెబుతారు. నాకైతే ఎదుటివాడి ప్రాణం కోసం బండి తిప్పిన ఆ క్షణమే అన్నిటికన్నా పెద్దది. ఇప్పటికీ ఆయన పేరు మీద ఇక్కడ స్మారక పోటీ పెడతారు. చలి మార్చి నెల అయినా జనం వస్తారు.

1993 తర్వాత మళ్ళీ ఇరవై తొమ్మిదేళ్ళు ఎదురుచూపే. 2022లో షెఫీల్డ్ టైగర్స్‌తో ఫైనల్. ఆ టెన్షన్‌లో నా పెన్సిల్ ములుకు రెండుసార్లు విరిగింది. గెలిచాక తాత ఇంటికొచ్చి బిస్కెట్ల డబ్బా తెరిచాడు. అందులో వాళ్ళ నాన్న దాచిన ప్రోగ్రాములు. 1963 వేసవిది ఒకటి తీసి నా చేతికిచ్చాడు. కాగితం పసుపెక్కింది కానీ పెన్సిల్ రాత చెదరలేదు. క్రేవెన్ వరసలో 3, 3, 3, 3.

నేను రాసిన 2022 ప్రోగ్రామ్ తీసుకుని, దాని కిందే పెట్టి మూత వేశాడు.