నువ్వేం మారలేదంటే మేడమ్ ఒప్పుకునేవారా?

మన బ్యాచ్‌వాళ్లు ఎన్నాళ్లకు ఎదురుపడినా ముందు ఎలా ఉన్నావంటారు, ఆ వెంటనే నువ్వేం మారలేదంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు సైకాలజీ ఫైనలియర్‌లో మూర్తిమత్వం (అంటే వ్యక్తిత్వం) పేపర్ చెప్పిన మేడమ్ గుర్తొస్తారు. ఆవిడ ముందు ఎవరైనా అలా అని ఉంటే, ఎందులో మారలేదు, ఎవరి ముందు మారలేదు, ఎవరితో పోల్చి చెబుతున్నావు అని నిలదీసేవారు. ఈ రీయూనియన్ సంచికలో హాస్టల్ కబుర్లు ఎలాగూ మిగతావాళ్లు రాస్తారు కాబట్టి నేను ఆ పేపర్ గురించే రాస్తున్నాను.

అందరూ ఈ పాఠాన్ని మనోవిశ్లేషణ మొదలుపెట్టిన ఫ్రాయిడ్‌తో మొదలుపెడతారు, ఆవిడ అలా చేయలేదు. మొదట్లోనే మా చేత ఒక ప్రశ్నావళి నింపించి, తర్వాతి క్లాసులో ఎవరి పేరు రాసిన కాగితం వాళ్లకిచ్చి, ఇది మీ వ్యక్తిత్వ విశ్లేషణ, ఎంత సరిపోయిందో సున్నా నుంచి ఐదు దాకా మార్కులేయండి అన్నారు. పైకి ధైర్యంగా కనిపించినా లోపల సందేహాలుంటాయి, మీరింకా వాడుకోని శక్తి మీలో చాలా ఉంది, ఇలాంటి వాక్యాలు. చాలామందిమి నాలుగో ఐదో వేశాం, కొందరైతే మేడమ్‌కి ఇంత ఎలా తెలిసిపోయిందా అని కంగారుపడ్డారు కూడా. అప్పుడు పక్కవాళ్లతో కాగితాలు మార్చుకోమన్నారు. చూస్తే అన్నింట్లోనూ అక్షరం పొల్లుపోకుండా అదే రాసుంది! 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే సైకాలజిస్ట్ తన 39 మంది విద్యార్థుల మీద చేసిన ప్రయోగమట అది. వాళ్లు వేసిన మార్కుల సగటు 4.26. ఆ వాక్యాల్లో చాలావరకు ఆయన ఒక జ్యోతిషం పుస్తకంలోంచి ఏరుకున్నవే.

ఆ రోజు నుంచి నాకు మనుషుల్ని టైపులుగా విడగొట్టే పరీక్షల మీద గురి పోయింది. తర్వాత ఉద్యోగంలో, ట్రైనింగ్ పేరుతో మయర్స్-బ్రిగ్స్ పరీక్ష (MBTI) పెట్టి నాలుగక్షరాల టైపు ఒకటి నా మెడలో వేసినప్పుడు కూడా అదే గుర్తొచ్చింది. స్విస్ మనోవైద్యుడు యుంగ్ 1921లో రాసిన అంతర్ముఖ (తనలో తాను ఉండే), బహిర్ముఖ (నలుగురిలో కలిసిపోయే) విభజనని కేథరిన్ బ్రిగ్స్, ఆవిడ కూతురు ఇసబెల్ మయర్స్ కలిసి పరీక్షగా మలిచారు, ఇద్దరూ సైకాలజీలో శిక్షణ పొందినవాళ్లు కాదు. అసలు చిక్కు అది కూడా కాదులెండి. స్కోర్లు చూస్తే జనంలో ఎక్కువమంది మధ్యలోనే ఉంటారు. సరిగ్గా అక్కడే గీత గీసి ఇటువాళ్లు ఒక రకం, అటువాళ్లు ఇంకో రకం అంటే, గీతకి చెరోపక్క ఆనుకుని నిలబడ్డ ఇద్దరి మధ్య నిజానికి ఎంత తేడా ఉంటుంది?

ఫ్రాయిడ్ వచ్చాక మాత్రం క్లాసు క్లాసంతా చెడిపోయింది. 1923లో ఆయన ఇడ్ (కోరికలు), ఈగో (లోకంతో సర్దుబాటు చేసేది), సూపర్ ఈగో (మంచిచెడ్డలు చెప్పేది) అని ముగ్గురిని మనిషి లోపల కూర్చోబెట్టాడు. ఇక మాకు ఎవరు క్లాసుకి ఆలస్యంగా వచ్చినా అది అచేతనంలోని, అంటే మనకే తెలియని మనసులోని ప్రతిఘటనే, ఎవరు పేరు తప్పు పలికినా దాని వెనక కథే. మేడమ్ కొన్నాళ్లు ఊరుకుని ఓ రోజు అమెరికన్ సైకాలజిస్ట్ గోర్డన్ ఆల్‌పోర్ట్ సంగతి చెప్పారు. ఆల్‌పోర్ట్ 1920లో, 22 ఏళ్ల వయసులో, వియన్నా వెళ్లి ఫ్రాయిడ్‌ని కలిశాడు. పెద్దాయన ఏమీ మాట్లాడకుండా కూర్చోవడంతో ఏం చేయాలో తోచక, వచ్చేటప్పుడు ట్రామ్‌లో చూసిన ఒక చిన్న పిల్లాడి గురించి చెప్పాడు, మురికంటే వాడికి ఎంత భయమో, పక్కనే వాళ్లమ్మ ఎంత శుభ్రంగా, బిగుసుకుని కూర్చుందో. అంతా విని ఫ్రాయిడ్, ఆ పిల్లాడు నువ్వేనా అని అడిగాడట. లోతుల్లోకి దూకేముందు మనిషి పైకి చెబుతున్న కారణం కాస్త వినాలి కదా అని ఆల్‌పోర్ట్ అక్కడ గ్రహించాడు. మాకూ కొంచెం సిగ్గేసి ఒకరి మనసు ఒకరు తవ్వడం తగ్గించాం.

అదే ఆల్‌పోర్ట్ 1936లో హెన్రీ ఆడ్‌బర్ట్‌తో కలిసి ఇంగ్లిష్ నిఘంటువులోంచి మనుషుల తీరు చెప్పే మాటలు ఏరితే అవి దాదాపు 18,000 తేలాయి. అందులో నిలకడగా ఉండే గుణాలు చెప్పేవి సుమారు 4,500. తర్వాతి పరిశోధకుల్లో కాటెల్ వాటిని కుదించి 16 అన్నాడు, ఐసెంక్ రెండు మూడు చాలన్నాడు, చివరికి ఎక్కువమంది ఐదు దగ్గర స్థిరపడ్డారు: కొత్తదనం పట్ల ఆసక్తి, బాధ్యతగా ఉండటం, బహిర్ముఖత, నలుగురితో సర్దుకుపోవడం, ఊరికే టెన్షన్ పడిపోవడం. అడ్లర్ న్యూనతాభావం, మాస్లో అవసరాల మెట్లు, స్కిన్నర్ బహుమతులు లాంటి మిగతా సిద్ధాంతాలు పరీక్ష కోసం చదివాం. అవి అంతటితో సరి.

ఆ ఐదు గుణాల పాఠం రోజున మేడమ్ చీటీల ఆట ఆడించారు, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ప్రతి ఒక్కరి గురించి మిగతావాళ్లు తోచిన గుణాలు పేరు రాయకుండా చీటీల మీద రాయాలి, ఎవరి గురించి వాళ్లు కూడా విడిగా రాసుకోవాలి. క్లాసులో ఎప్పుడూ నోరు మెదపని ఒకమ్మాయికి వచ్చిన చీటీల్లో సగం మౌనముని అని ఉంటే, మిగతా సగంలో వాగుడుకాయ అని ఉంది. రెండో రకం రాసినవాళ్లంతా తనతో హాస్టల్లో ఉన్నవాళ్లే. ఇప్పుడు చెప్పండి, ఈ పిల్ల అంతర్ముఖా బహిర్ముఖా అన్నారు మేడమ్.

సరిగ్గా ఈ ప్రశ్నే 1968లో సైకాలజిస్ట్ వాల్టర్ మిషెల్ అడిగి, ఆ రంగంలో చాలా ఏళ్లు నడిచిన గొడవకి కారణమయ్యాడు. ఇలాంటి గుణాలు, అంటే లక్షణాల పరీక్షలో వచ్చిన స్కోరుకీ, ఒక ఫలానా సందర్భంలో మనిషి నిజంగా చేసేదానికీ మధ్య సహసంబంధం (సున్నా అంటే సంబంధమే లేదు, ఒకటి అంటే పూర్తిగా ఉంది) 0.30 దాటడం అరుదు అన్నాడు. అంటే మనిషికి నిలకడే లేదని కాదు. తర్వాత ఆయనా, యూయిచి షోడా అనే ఇంకో సైకాలజిస్టూ కలిసి చెప్పిందాని ప్రకారం, నిలకడ ఉండేది ఇలాంటి చోట ఇలా, అలాంటి చోట అలా అనే వరసలో. ఆ అమ్మాయి క్లాసులో ప్రతిసారీ మౌనమే, గదిలో ప్రతిసారీ కబుర్లే. అదీ తన స్వభావం. అమెరికన్ సైకాలజిస్ట్ విలియం జేమ్స్ 1890లోనే, మనల్ని ఎరిగినవాళ్లు ఎంతమందో మనకి అన్ని సామాజిక 'నేను'లు ఉంటాయని రాశాడు. 1902లో సామాజిక శాస్త్రవేత్త చార్లెస్ కూలీ ఇంకో అడుగు వేసి, ఎదుటివాళ్లకి ఎలా కనిపిస్తున్నామని మనం ఊహించుకుంటామో దాన్నిబట్టే మన గురించి మనకి ఒక భావన ఏర్పడుతుందన్నాడు.

అందుకే రీయూనియన్‌లో ఎవరూ మారినట్టు కనిపించరు. ఆ పాత నేనుని ఎరిగినవాళ్లు అందరూ ఒకేచోట ఉంటే అది బయటికి రాక ఏం చేస్తుంది? బయట పెద్ద ఆఫీసర్‌గా ఉన్నవాడు మన మధ్య కూర్చోగానే మళ్లీ వెనక బెంచీ గొంతుతోనే మాట్లాడతాడు. పోల్చడంలో ఇంకో మెలిక కూడా ఉంది. బ్యాచ్‌లో ఎవరు ఎక్కువ బాధ్యతగలవాళ్లు, ఎవరు తక్కువ అనే వరస ఏళ్ల తరబడి పెద్దగా మారకపోవచ్చు. కానీ ఇరవైల నుంచి నలభైల్లోకి వచ్చేసరికి సగటున అందరిలోనూ బాధ్యత పెరుగుతుందని, ఆందోళన తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. అందరం కలిసి కదిలాం కాబట్టి కదిలినట్టు మనకి తెలియడం లేదు, అంతే.

మేడమ్‌కి మాత్రం వీళ్లందరికంటే కార్ల్ రోజర్స్ అనే సైకాలజిస్ట్ అంటే ఇష్టం. ఉన్న నేనుకీ ఉండాలనుకునే నేనుకీ మధ్య దూరం పెరిగేకొద్దీ మనిషి నలిగిపోతాడని, ఇలా ఉంటేనే నువ్వు మంచివాడివి అనే షరతులతో పెరిగినవాళ్లలో ఆ దూరం ఎక్కువని ఆయన అంటాడు. ఆ పాఠం అయ్యాక క్లాసులో ఎవరూ ప్రశ్నలు అడగలేదు, మార్కులతోనే ప్రేమ తూచిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం చాలామందిమి ఉన్నాం. మనోవిశ్లేషకుడు ఎరిక్ ఎరిక్సన్ కథ కూడా నాకు అలాగే నాటుకుపోయింది. కన్నతండ్రి ఎవరో తెలియక, సవతి తండ్రి ఇంటిపేరు హోంబర్గర్‌తో పెరిగిన మనిషి, 1939లో అమెరికా పౌరసత్వం తీసుకునేటప్పుడు తనకి తానే ఎరిక్సన్ అనే పేరు పెట్టుకున్నాడు. నేనెవరు అనే సంక్షోభం గురించి ఆయన కాక ఇంకెవరు రాస్తారు!

డాన్ మాక్‌ఆడమ్స్ అనే సైకాలజిస్ట్ గురించి నేను తర్వాత సొంతంగా చదివాను. లక్షణాలకి పైన ఇంకో పొర ఉంటుందని, మన గురించి మనం అల్లుకునే జీవిత కథే అదని, టీనేజీ చివర్లో మొదలై ఆ కథ పోనుపోను మారుతూ ఉంటుందని ఆయన వాదన. ఆ లెక్కన ఈ సంచికలోని వ్యాసాలన్నీ పరిశీలనకి పనికొచ్చే సామగ్రే. చీటీల ఆట నేను చెప్పినట్టు జరగలేదని మీలో కనీసం ఇద్దరైనా అంటారు, నాకు తెలుసు. మేడమ్ ఈసారి వస్తానన్నారు, అక్కడే అడిగి తేల్చుకుందాం.